పెద్దవాళ్ళ నెలవారీ మందుల ఖర్చు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నకి డెబ్భై నాలుగేళ్ళు. షుగర్, బీపీ, ఆరేళ్ళ కిందట వేసిన స్టెంటు. అమ్మకి థైరాయిడ్, మోకాళ్ళ నొప్పులు. ఇద్దరి మందులూ నేనే తెస్తాను కాబట్టి, బంధువుల్లో గానీ మా వీధిలో గానీ మందుల సంగతి ఏదొచ్చినా నన్నే అడుగుతారు. నేను డాక్టర్ని కాదు, మందుల షాపు వాడినీ కాదు. పదే పదే అడిగినవాటికి చెప్పిన జవాబులే ఇక్కడ రాసి పెట్టాను. ఏ మందు వేసుకోవాలి, ఏది మానాలి అన్నది మీరూ మీ డాక్టరూ తేల్చుకోవాల్సిన విషయం. ఎక్కడ ఎంతకి దొరుకుతుంది, సర్కారు ఎక్కడిదాకా ఆదుకుంటుంది అన్నంతవరకే నేను చెప్పగలను.

ఆయుష్మాన్ కార్డు చేయించాం. మందుల షాపులో చూపిస్తే పనికిరాదన్నారు. నిజమేనా?

నిజమే. అందరికంటే ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఆయుష్మాన్ భారత్ అయినా ఆరోగ్యశ్రీ అయినా ముఖ్యంగా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చు కోసం పెట్టినవి. మంచం ఎక్కితే లక్షల్లో బిల్లు కడతాయి. ఇంట్లో కూర్చుని రోజూ మింగే మాత్రలకి కట్టవు. ఆయుష్మాన్‌లో ఆసుపత్రిలో చేరకముందు మూడు రోజులు, డిశ్చార్జి అయ్యాక పదిహేను రోజుల మందులు ప్యాకేజీలో ఉంటాయి. పదహారో రోజు నుంచి మీ జేబే.

ఇది నాకు తలకిందుల లెక్కలా కనిపిస్తుంది. నెలకి కొన్ని వందల రూపాయల బీపీ మాత్రలు సరిగ్గా అందితే రేపు లక్షల ఖర్చయ్యే పక్షవాతం రాకుండా ఉండొచ్చు. కానీ పథకం ఆ పక్షవాతం వచ్చాకే తలుపు తీస్తుంది. అందుకే నెలవారీ మందుల కోసం ఒక్క కార్డు మీద ఆశ పెట్టుకోకుండా నాలుగైదు చోట్ల నుంచి కూడగట్టుకోవాలి. మిగతా జవాబులన్నీ దాని గురించే.

డెబ్భై దాటినవాళ్ళకి వేరే కార్డు వచ్చిందట. అది చేయించుకోవడం వల్ల లాభం ఏమైనా ఉందా?

ఉంది, చేయించండి. దాని పేరు ఆయుష్మాన్ వయ వందన కార్డు. 2024 అక్టోబరు 29న మొదలైంది. డెబ్భై నిండితే చాలు, ఆదాయం అడగరు. రేషన్ కార్డు లేకపోయినా, సొంత ఇల్లున్నా, పిల్లలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నా ఇస్తారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం. ఇంట్లో అమ్మా నాన్నా ఇద్దరూ డెబ్భై దాటి ఉంటే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపి. ఇప్పటికే ఆయుష్మాన్‌లో ఉన్న కుటుంబమైతే పెద్దవాళ్ళ కోసం ఇంకో 5 లక్షలు అదనంగా వస్తాయి. పాత జబ్బులకి ఆగాల్సిన గడువేమీ లేదు.

వయసు లెక్క ఆధార్‌లో ఉన్నదే. మా పెద్దమ్మ ఆధార్‌లో ఎవరో అంచనాగా 1958 అని రాయించారు. ఆవిడకి నిజంగా డెబ్భై అయిదు దాటాయి. ముందు ఆధార్ దిద్దించుకుంటే గానీ కార్డు రాదు. మీ ఇంట్లోనూ ఒకసారి చూసుకోండి. కేంద్ర ఉద్యోగుల సీజీహెచ్ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్ ఉన్నవాళ్ళు అదైనా ఇదైనా ఒకటే ఎంచుకోవాలి. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నా, ఈఎస్ఐ అనే కార్మికుల బీమా ఉన్నా అడ్డు లేదు. అనుమానాలుంటే 14555కి ఫోన్ చేయొచ్చు.

ఆరోగ్యశ్రీలో స్టెంటు వేయించుకున్నాం. తర్వాత మందులు కూడా ఇస్తారని పక్కింటివాళ్ళు అంటున్నారు.

పక్కింటివాళ్ళు చెప్పింది సరైనదే. స్టెంటు, బైపాస్ లాంటి కొన్ని పెద్ద చికిత్సలకి ఆరోగ్యశ్రీలో ఫాలోఅప్ ప్యాకేజీ ఉంది. ఏడాదిపాటు డాక్టరు సంప్రదింపు, పరీక్షలు, మందులు ఆ ప్యాకేజీ కిందికే వస్తాయి. తెలియక వదిలేసుకునేవాళ్ళే ఎక్కువ. డిశ్చార్జి రోజు హడావిడిలో ఎవరూ చెప్పరు, మనమూ అడగం. ఆసుపత్రిలో కౌంటరు దగ్గర కూర్చునే ఆరోగ్యమిత్రని ఒకే ఒక్క మాట అడగండి: "మా కేసుకి ఫాలోఅప్ ఉందా, మళ్ళీ ఏ తేదీన రావాలి?" ఆ తేదీ తప్పిపోకుండా వెళ్ళాలి.

ఆంధ్రలో ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలకి పెంచారు. పేరు ఏదైనా ఊళ్ళో అందరూ ఆరోగ్యశ్రీ అనే అంటారు, అలా అడిగినా అర్థమవుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ 104 నంబరులో వివరాలు చెబుతారు.

బీపీ, షుగర్ మాత్రలు పూర్తిగా ఉచితంగా దొరికే చోటు ఏదైనా ఉందా?

ఉంది. మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. ఆంధ్రలో విలేజ్ హెల్త్ క్లినిక్, తెలంగాణలో పల్లె దవాఖానా, పట్నంలో బస్తీ దవాఖానా కూడా. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ లాంటి మామూలు మాత్రలు నెలనెలా ఇస్తారు. దీనికి కార్డు అక్కర్లేదు, ఆదాయం అడగరు. ఏఎన్ఎం దగ్గర పేరు రాయించుకుంటే, నడవలేని పెద్దవాళ్ళకి కొన్ని చోట్ల ఆశా వర్కరే ఇంటికి తెచ్చి ఇస్తుంది.

చిక్కులూ ఉన్నాయి. ఒక నెల 40 ఎంజీ బదులు 20 ఎంజీ ఉంటుంది, ఇంకో నెల ఆ మందే ఉండదు. మా నాన్న మూడు నెలలు వెళ్ళి, నాలుగో నెల స్టాకు లేదంటే విసుగొచ్చి మానేశారు. నేను అక్కడే రాజీ మార్గం పట్టాను: అక్కడ ఖాయంగా దొరికేవి అక్కడ, మిగతావి బయట. అలా చేసినా బిల్లులో కొంత దిగింది. ఎంజీ మారితే మాత్రం రెండు వేసుకోవాలా సగం వేసుకోవాలా అన్నది అక్కడి డాక్టరుతో కాగితం మీద రాయించుకోవాలి. నోటితో చెప్పింది ఇంటికొచ్చేసరికి మారిపోతుంది.

ఇన్సులిన్, గుండె జబ్బుల ప్రత్యేక మందులు చిన్న కేంద్రాల్లో దొరకడం కష్టం. గాంధీ, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి పెద్దాసుపత్రుల ఓపీలో అడగాలి. అక్కడ క్యూ ఎలా ఉంటుందో మీకు తెలుసు. పొద్దున ఏడింటికి వెళ్ళే ఓపిక ఉన్న మనిషి ఇంట్లో ఒకరు ఉంటేనే కుదురుతుంది.

జన ఔషధి కేంద్రంలో అంత తక్కువకి ఎలా ఇస్తున్నారు? అందులో ఏదో తిరకాసు ఉండే ఉంటుంది.

తిరకాసు లేదు, ప్రచారం ఖర్చు లేదు. జన ఔషధి అంటే చౌక ధరకి జనరిక్ మందులు అమ్మే కేంద్ర ప్రభుత్వ పథకం. 2008లో మొదలైంది, 2025 నాటికి దేశంలో కేంద్రాలు 15 వేలు దాటాయి. మార్కెట్లో ముందున్న మూడు బ్రాండ్ల సగటు ధర తీసుకుని, అందులో సగానికి మించకుండా అమ్మాలన్నది వాళ్ళ నియమం. చాలా మందులకి అంతకంటే తక్కువే పడుతుంది. 2022లో సిటాగ్లిప్టిన్ అనే షుగర్ మాత్ర అక్కడికి వచ్చినప్పుడు 50 ఎంజీ పది మాత్రల అట్ట 60 రూపాయలు. అప్పుడు అదే మందు పేరున్న బ్రాండ్లలో 160 నుంచి 258 రూపాయల దాకా ఉండేది.

కంపెనీ మందు ధరలో మనం కట్టేది ఆ పొడికి మాత్రమే కాదు. డాక్టర్ల దగ్గరికి తిరిగే రిప్రజెంటేటివ్ జీతం, కాన్ఫరెన్సులు, డీలరు లాభం, షాపు లాభం అన్నీ కలిసి మన బిల్లులోకి వస్తాయి. ఆ పొరలు తీసేస్తే మిగిలేది ఇంతే.

వెళ్ళేముందు జన ఔషధి సుగమ్ అనే యాప్‌లో మందు పేరు కొట్టి చూడండి, ధరా దగ్గర్లోని కేంద్రమూ కనిపిస్తాయి. ఫోన్ చేయాలంటే 1800 180 8080. అక్కడ బ్రాండు పేరు చెబితే పని జరగదు, లోపలి మందు పేరు చెప్పాలి. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదువుకోండి. జాబితాలో ఉన్న ప్రతి మందూ ప్రతి కేంద్రంలో ఉండదు. నేను నెలాఖరుకి పది రోజుల ముందే వెళ్తాను, లేనిది తెప్పించి పెట్టడానికి వాళ్ళకి వ్యవధి ఉంటుంది.

జనరిక్ మందు సరిగ్గా పనిచేస్తుందా? నిజం చెప్పండి.

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు అడుగుతున్నప్పుడే లేదు అన్న జవాబు మనసులో పెట్టుకుని ఉంటారు. మా అమ్మ కూడా అంతే. "పది రూపాయల మాత్రకి పది రూపాయల గుణమే ఉంటుంది" అనేది.

ముందు ఒక మాట. మందు కనిపెట్టిన కంపెనీకి పేటెంటు, అంటే దాన్ని తనొక్కటే అమ్ముకునే హక్కు, ముగిశాక అదే మందుని మిగతా కంపెనీలు చేసి అమ్మితే జనరిక్ అంటారు. మన దేశంలో డాక్టర్లు రాసే పెద్ద పెద్ద కంపెనీల మందుల్లోనూ అధిక భాగం జనరిక్‌లే, వాటికో పేరు పెట్టి అమ్ముతున్నారు. కాబట్టి అసలు ప్రశ్న జనరిక్ పనిచేస్తుందా అని కాదు, ఈ తయారీదారుడి మందు బాగుందా అని. జన ఔషధికి వచ్చే మందు బ్యాచి బ్యాచికీ గుర్తింపు ఉన్న ల్యాబులో పరీక్షకి వెళ్తుంది. 2017 నుంచి, నీటిలో సరిగ్గా కరగని రకం మందులకి కొత్తగా లైసెన్సు కావాలంటే, అసలు మందుతో సమానంగా ఒంట్లో కలుస్తోందని పరీక్షచేసి చూపాలన్న నిబంధన కూడా వచ్చింది. అంతకుముందు లైసెన్సు పొందినవి చాలా ఉన్నాయి కాబట్టి ఎవరికీ అనుమానమే రాకూడదని నేను అనను. నాసిరకం బ్యాచీలు పట్టుబడిన వార్తల్లో చౌక మందులూ ఉంటాయి, పేరున్న బ్రాండ్లూ ఉంటాయి.

అనుమానం తీర్చుకునే దారి మన చేతుల్లోనే ఉంది. బీపీ, షుగర్ కొలవగలిగినవి. మందు మార్చిన రెండు మూడు వారాలు ఇంట్లో బీపీ రాసుకోండి, షుగర్ చూపించుకోండి. ముందున్నట్టే ఉంటే మందు పనిచేస్తున్నట్టే. మా నాన్నకి అలాగే చూశాం. మార్చక ముందు నెల బీపీ పుస్తకం, మార్చాక నెల బీపీ పుస్తకం పక్కపక్కన పెట్టి చూపించాక గానీ అమ్మ ఒప్పుకోలేదు.

కొన్ని మందుల్లో మాత్రం తయారీదారుణ్ణి ఊరికే మార్చకూడదు. థైరాయిడ్ మాత్ర, మూర్ఛ మందులు, గుండె వాల్వు మార్చినవాళ్ళు వాడే రక్తం పలచన చేసే మాత్ర లాంటివి. వీటిలో కొంచెం తేడా వచ్చినా ఒంటికి తెలుస్తుంది. మార్చాలనుకుంటే డాక్టరుకి చెప్పి, తర్వాత రక్త పరీక్ష చేయించుకోవాలి. అమ్మ థైరాయిడ్ మాత్ర నేను మార్చలేదు, దాని ఖర్చు ఎలాగూ తక్కువే.

డాక్టరు బ్రాండు పేరు రాశారు. షాపులో అదే మందు వేరే కంపెనీది అడిగితే ఇవ్వనన్నారు.

ఇవ్వననడం మొండితనం కాదు, చట్టం అలా ఉంది. చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన మందుల్లో, రాసినదాని బదులు ఇంకొకటి ఇచ్చే అధికారం షాపు వాళ్ళకి మన దేశంలో లేదు. డాక్టర్లు బ్రాండు కాకుండా మందు అసలు పేరే రాయాలని వాళ్ళ నియమావళి చెబుతుంది. 2023లో దాన్ని ఇంకా గట్టిగా తెచ్చి, డాక్టర్ల అభ్యంతరాల మధ్య అదే నెలలో ఆపేశారు.

సులువైన దారి డాక్టరునే అడగడం. "సార్, ఈ మందు అసలు పేరు కూడా రాసిస్తారా, జన ఔషధిలో తెచ్చుకుంటాం" అంటే నేను అడిగిన నలుగురిలో ముగ్గురు రాసిచ్చారు. నాలుగో ఆయన ముఖం చిట్లించి, "అవి వాడితే నా బాధ్యత కాదు" అన్నారు. ఇంకో డాక్టరు దగ్గరికి మారాం.

మామూలు మందుల షాపులోనూ జనరిక్ అమ్ముతున్నారు. సగం ధర అంటున్నారు. కొనొచ్చా?

కొనొచ్చు, కానీ ఆ సగం ధర మాట నమ్మేముందు పోల్చి చూడండి. కొన్ని జనరిక్ అట్టల మీద ఎంఆర్‌పీ బ్రాండుకి దగ్గరగా ముద్రిస్తారు. షాపుకి పడేది అందులో చిన్న వంతు. మీకు సగానికి ఇచ్చామంటారు, అప్పటికీ వాళ్ళకి బాగానే మిగులుతుంది. జన ఔషధి ధర పక్కన పెట్టి చూస్తే గానీ అది తెలియదు. ఎప్పుడైనా అట్ట ధర కాదు, ఒక్క మాత్ర ఎంత పడిందో లెక్కేయండి. ఒక అట్టలో పది ఉంటాయి, ఇంకోదాంట్లో పదిహేను.

మందుల ధరలు ప్రభుత్వమే నిర్ణయిస్తుంది కదా, మరి ఇంత తేడా ఎలా?

అన్నింటికీ నిర్ణయించదు. 2022 నాటి అత్యవసర మందుల జాబితాలో 384 మందులున్నాయి. వాటిలో ఏ రకం, ఎన్ని ఎంజీ అని రాసి ఉన్నవాటికే ఎన్‌పీపీఏ అనే సంస్థ గరిష్ఠ ధర కడుతుంది. ఆ కట్టే పద్ధతి చిత్రంగా ఉంటుంది. తయారీకి ఎంతవుతుందో చూడరు. మార్కెట్లో ఒక శాతం, అంతకంటే ఎక్కువ వాటా ఉన్న బ్రాండ్లు షాపులకి అమ్మే ధరల సగటు తీసి, దాని మీద షాపుకి 16 శాతం కలుపుతారు. అంటే మార్కెట్లో అన్నీ ఖరీదుగా ఉంటే గరిష్ఠ ధరా ఖరీదుగానే ఉంటుంది. అందుకే ప్రభుత్వం కట్టిన ధరకీ జన ఔషధి ధరకీ మధ్య అంత ఖాళీ.

జాబితాలో లేనివాటి ధర కంపెనీ ఇష్టం, ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదు అంతే. విడివిడిగా జాబితాలో ఉన్న రెండు మందుల్ని కలిపి ఒక మాత్ర చేస్తే, ఆ కలిపిన మాత్ర చాలాసార్లు జాబితాలో ఉండదు. రెండు మాత్రల బదులు ఒకటే వేసుకోవచ్చన్నది పెద్దవాళ్ళకి నిజంగా సుఖమే. కాకపోతే విడిగా కొంటే ఎంత, కలిపి కొంటే ఎంత అని ఒకసారి చూసి డాక్టరుతో మాట్లాడండి.

ఇక బలం మాత్రలు, కీళ్ళకని ఇచ్చే పొడులు, ప్రొటీన్ డబ్బాల సంగతి వేరు. వాటిలో చాలావరకు ఆహార పదార్థాల కింద అమ్ముతారు, మందుల ధరల చట్టం వాటికి తగలదు. మా ఇంటి బిల్లులో అన్నింటికంటే ఖరీదైన సరుకు గుండె మాత్ర కాదు, మోకాళ్ళ గుజ్జు పెరుగుతుందని ఎవరో చెబితే తెచ్చిన ఒక డబ్బా.

ప్రతి ఏప్రిల్లో మందుల ధరలు పెరుగుతాయని వాట్సాప్‌లో వస్తుంది. ముందే కొని పెట్టుకోవాలా?

అక్కర్లేదు. జాబితాలోని మందుల గరిష్ఠ ధర టోకు ధరల సూచీని బట్టి ఏటా ఏప్రిల్ 1న మారుతుంది. 2022లో 10.76 శాతం, 2023లో 12.12 శాతం దాకా పెంచుకోనిచ్చారు, ఆ రెండేళ్ళూ దెబ్బ తగిలింది. 2024లో దాదాపు సున్నా, 2025లో 1.74 శాతం. దీనికోసం ఆరు నెలల మందులు బీరువాలో దాచుకుంటే, మధ్యలో డాక్టరు మందు మారిస్తే ఆ నష్టమే ఎక్కువ.

2025 సెప్టెంబరు 22 నుంచి ఎక్కువ మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. ప్రాణాధార మందులు కొన్నింటిమీద పూర్తిగా ఎత్తేశారు. ఎంఆర్‌పీలోనే పన్ను కలిసి ఉంటుంది, బిల్లులో పైన వేరే వేస్తే ఒప్పుకోకండి.

షుగర్‌కి కొత్త రకం మాత్రలు రాశారు, నెలకి రెండు వేలు. తగ్గే దారి ఉందా?

దీనికి నా దగ్గర మంచి కబురే ఉంది. కొత్త మందు ఖరీదు చాలావరకు పేటెంటు వల్ల. అది ముగిసిన రోజు నుంచి పదుల కంపెనీలు దిగుతాయి. విల్డాగ్లిప్టిన్‌కి 2019 చివర్లో, డాపాగ్లిఫ్లోజిన్‌కి 2020లో, సిటాగ్లిప్టిన్‌కి 2022లో ముగిసింది. ఎంపాగ్లిఫ్లోజిన్‌కి 2025 మార్చిలో ముగిస్తే, అంతకుముందు ఒక్కోటి 60 రూపాయల దాకా ఉన్న మాత్ర కొద్ది రోజుల్లోనే 10 రూపాయల అటూ ఇటూగా దొరికింది.

అయితే ఈ కబురు మీ చీటీ దాకా దానంతటది రాదు. రెండేళ్ళ కిందట రాసిన ఖరీదైన బ్రాండునే నెలనెలా పాత చీటీ చూపించి కొంటూ పోతాం. మా బాబాయి డాపాగ్లిఫ్లోజిన్ ఖరీదైన బ్రాండు మూడేళ్ళు అలాగే వాడారు. అదే మందు చౌకగా వచ్చిందని ఆయనకి షాపు వాళ్ళూ చెప్పలేదు, డాక్టరూ చెప్పలేదు. ఆరు నెలలకోసారి, "ఈ మందు ఇప్పుడు తక్కువకి వస్తోందా డాక్టర్ గారూ?" అని మనమే అడగాలి.

రిటైరైన ఉద్యోగులకి మందులు వస్తాయా?

ఏ ఉద్యోగం అన్నదాన్ని బట్టి. పెద్దవాళ్ళ నెలవారీ మందులకి మన దేశంలో నిజంగా భరోసా ఉన్నది ఈ వర్గానికే అనిపిస్తుంది.

కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకి సీజీహెచ్ఎస్ వెల్‌నెస్ సెంటర్లలో మందులిస్తారు. అలాంటి సెంటరు లేని ఊళ్ళో ఉండేవాళ్ళు దాని బదులు నెలకి 1,000 రూపాయల వైద్య భత్యం తీసుకోవచ్చు. ఆ మొత్తం 2017లో ఖరారైంది. రైల్వే వాళ్ళకి రైల్వే ఆసుపత్రులు, మాజీ సైనికులకి ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లు. తెలంగాణ రాష్ట్ర పెన్షనర్లకి ఈహెచ్ఎస్ అనే ఉద్యోగుల ఆరోగ్య పథకం కింద ఖైరతాబాద్, వనస్థలిపురం లాంటి చోట్ల వెల్‌నెస్ సెంటర్లున్నాయి. ఓపీ చూసి మందులూ అక్కడే ఇస్తారు.

ఎక్కువమందికి తెలియనిది ఈఎస్ఐ. ఫ్యాక్టరీలోనో చిన్న కంపెనీలోనో పనిచేసి, కనీసం అయిదేళ్ళు ఈఎస్ఐలో ఉండి పదవీ విరమణ చేసినవాళ్ళు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం కొనసాగుతుంది. నెలకి పది రూపాయలు, ఒక టీ ఖర్చు. డిస్పెన్సరీలో మందులూ ఇస్తారు. మా వీధిలో నూలు మిల్లులో చేసి రిటైరైన పెద్దాయన పదేళ్ళు బయట కొన్నాక ఈ సంగతి తెలుసుకున్నారు.

క్యాన్సర్ మందుల పరిస్థితి ఏమిటి?

కీమోథెరపీ ఆరోగ్యశ్రీలోనూ ఆయుష్మాన్‌లోనూ ప్యాకేజీగా ఉంది, ముందు ఆ దారి చూడండి. బయట కొనాల్సి వస్తే, కొన్ని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల ఆవరణలో తగ్గింపు ధరకి మందులమ్మే అమృత్ ఫార్మసీలు ఉంటాయి, అక్కడ ధర అడగండి. 2019లో 42 క్యాన్సర్ మందుల మీద మధ్యవర్తుల లాభాన్ని 30 శాతానికి కట్టేశారు కూడా.

ఆన్‌లైన్లో 20 శాతం తగ్గింపు అంటున్నారు. అది మేలా, జన ఔషధి మేలా?

అదే బ్రాండు కావాలంటే ఆన్‌లైన్ మేలు, మందు ముఖ్యమనుకుంటే జన ఔషధి. ఇన్సులిన్ మాత్రం ఆన్‌లైన్లో ఎండాకాలం తెప్పించకండి. మే నెలలో డెలివరీ కుర్రాడి సంచిలో అది ఎంత వేడెక్కిందో మనకి తెలిసే వీలు లేదు.

పన్నులో ఏమైనా కలిసొస్తుందా?

పాత పన్ను విధానంలో ఉంటే వస్తుంది. అరవై దాటిన తల్లిదండ్రులకి ఆరోగ్య బీమా లేకపోతే, వాళ్ళ వైద్యానికి, మందులకి పెట్టిన ఖర్చులో 50,000 రూపాయల దాకా పిల్లలు మినహాయింపు చూపించుకోవచ్చు. 80డీ అని అందరికీ తెలిసింది ఇదే. నగదుగా కడితే చెల్లదు, ఫోన్‌పేలోనో కార్డుతోనో కట్టి బిల్లు దాచుకోవాలి. కొత్త విధానంలో ఇది లేదు.

అమెరికాలో అబ్బాయి దగ్గరికి ఆరు నెలలకి వెళ్తున్నాం. మందులు ఎలా?

అక్కడ కొందామనుకోవద్దు, చీటీ కోసం అక్కడి డాక్టరుకి కట్టే డబ్బే మీ ఏడాది మందుల ఖర్చుని మించొచ్చు. సొంత వాడకానికి సాధారణంగా మూడు నెలలకి సరిపడా మందులు వెంట తెచ్చుకోనివ్వడం అక్కడి మార్గదర్శకం. మూల అట్టల్లోనే, డాక్టరు ఇంగ్లిషులో రాసిన చీటీతో, చేతి సంచిలో పెట్టుకోండి. డబ్బాల్లోకి విడిగా పోయకండి. గ్రీన్ కార్డు మీద వెళ్ళి స్థిరపడే పెద్దవాళ్ళయితే, అరవై అయిదు నిండి, వరసగా అయిదేళ్ళు అక్కడ ఉన్నాకే మెడికేర్ అనే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా కొనుక్కునే వీలుంటుంది. అందులోని మందుల భాగంలో 2025 నుంచి మన జేబు ఖర్చుకి ఏడాదికి 2,000 డాలర్ల హద్దు పెట్టారు, 2026లో అది 2,100. ఇన్సులిన్ నెలకి 35 డాలర్లు మించదు. నెలవారీ మాత్రలకి అలాంటి హద్దు మన దగ్గర ఎవరూ పెట్టలేదు.

మందుల సంఖ్యే తగ్గించుకునే వీలుంటుందా?

నా అనుభవంలో అన్నింటికంటే ఎక్కువ డబ్బు మిగిలింది ఇక్కడే. గుండె డాక్టరు అయిదు రాస్తారు, షుగర్ డాక్టరు నాలుగు, ఎముకల డాక్టరు మూడు. ఎవరి చీటీ వాళ్ళది. ఆసిడిటీ మాత్ర ముగ్గురి చీటీల్లోనూ మూడు పేర్లతో ఉంటుంది. నాన్న ఒక నెలంతా ఒకే మందుని రెండు పేర్లతో పొద్దునొకటి, రాత్రొకటి వేసుకున్నారు. అట్టలు తిప్పి వెనక పేర్లు చదివేదాకా నాకూ తెలియలేదు. ఖర్చు సంగతి అటుంచితే, అది బీపీ మాత్రో రక్తం పలచన చేసే మాత్రో అయి ఉంటే ఏమయ్యేది? చౌక మందుకి మారేటప్పుడు కూడా ఇదే ప్రమాదం. పాత బ్రాండు అట్ట డబ్బాలో మిగిలి ఉంటే రెండూ వేసేసుకుంటారు. పాతది తీసేశాకే కొత్తది పెట్టండి.

ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని, బలం మాత్రలతో సహా, ఒకే ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళి బల్ల మీద పరచండి. "వీటిలో ఏవి ఇంకా అవసరం?" అని అడగండి. నాన్నవి పదమూడు ఉంటే తొమ్మిదికి వచ్చాయి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి, ముఖ్యంగా స్టెంటు తర్వాతవి.

మా అత్తగారు డబ్బు ఆదా అని రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. చెబితే వినరు.

ఇలాంటివాళ్ళు మనం అనుకునేదానికంటే చాలామంది ఉన్నారు. తెలంగాణలో వృద్ధాప్య పింఛను 2,016 రూపాయలు. ఆంధ్రలో 2024 జులై నుంచి 4,000. ఆ డబ్బులోంచే మందులు కొనుక్కోవాలంటే మాత్ర సగం విరవాలన్న ఆలోచన వచ్చి తీరుతుంది. పిల్లల్ని అడగడానికి అభిమానం అడ్డొస్తుంది. అందుకే "మందులు సరిగ్గా వేసుకుంటున్నావా?" అని అడిగితే అవుననే అంటారు.

అడగకండి, అట్ట చూడండి. ముప్ఫై రోజుల మందు నలభై అయిదు రోజులు వచ్చిందంటే లెక్క తెలిసిపోతుంది. తిట్టినా ఫలితం ఉండదు. మా అత్తయ్య విషయంలో పనిచేసింది ధర చెప్పడమే. ఆవిడ బీపీ మాత్రల్ని జన ఔషధికి మార్చి, బిల్లు చేతిలో పెట్టాం. రెండు మూడు సార్లు చదువుకుంది. "నెలకి ఇంతేనా?" అని, "మరి ఇన్నాళ్ళూ ఆ షాపు వాడు నా దగ్గర..." అని మొదలుపెట్టి అరగంట తిట్టింది. ఆ నెల నుంచి రోజూ వేసుకుంటోంది.

అట్ట కత్తిరించి నాలుగు మాత్రలు ఇస్తున్నారు. గడువు తేదీ ఎలా తెలుస్తుంది?

తేదీ, బ్యాచి నంబరు ఉన్న ముక్క ఎవరికి వస్తే వాళ్ళ అదృష్టం. బిల్లు అడగండి, అందులో రెండూ వేయాలి. ఇంట్లో వాడేటప్పుడు తేదీ లేని వైపు నుంచి చింపండి, చివరి మాత్ర దాకా అది కనిపిస్తుంది.